నోళ్ల పెట్టె

చేపనూనె మాత్రల పాత పెట్టెలో
ముప్పై ఎనిమిది నోళ్లున్నాయి.
ఒక్కోటీ చిటికెనవేలి గోరంత.
'అ'కి ఒకటి, 'ఓ'కి రెండు,
'మ'కి మూడు. 'మ'కి మొహమాటం ఎక్కువ.
ముప్పై ఏడింటికి పేర్లున్నాయి.

తాలిన్‌లో, పట్టాల పక్క గోదాములో,
మధ్యాహ్నం మూడున్నరకే చీకటిపడే జనవరిలో
నా పని ఇది:
బొమ్మకి ఒక మూతి ఊడదీసి ఇంకో మూతి పెట్టడం.
సెకను సినిమాకి పన్నెండుసార్లు,
ఊపిరి బిగబట్టి.

కథ ఒక టీ కెటిల్‌ది.
ఈల పోగొట్టుకుంది.
గడ్డకట్టిన సముద్రం మీద కుంటుకుంటూ
వెతుక్కోవడానికి బయల్దేరింది.
మధ్యలో పాట కావాలన్నాడు నిర్మాత ఆర్వో.
"పాప్ పాట. రేడియోలో మోగాలి.
కెటిళ్లు అమ్ముడుపోవాలి."
దర్శకురాలు ఉర్వే కిటికీ వైపు తిరిగి
చాలాసేపు టీ కలిపింది,
చక్కెర వెయ్యని టీ.

రాయ్‌మో బాణీ కట్టాడు.
ట్రామ్ తలుపులు పడేముందు మోగే రెండు స్వరాలు
ఎత్తుకొచ్చి పల్లవి కింద పరిచాడు.
దొంగతనం నాకొక్కదానికే చెప్పాడు.

కొలతకి ఎవరో ఒకరు పాడాలిగా,
బొమ్మలకి గుడ్డలు కుట్టే హెల్యు పాడింది.
ఆ రోజు ఆమెకి జలుబు.
రెండో చరణంలో, "ఎవరైనా విన్నారా" అన్నచోట
ముక్కు ఎగబీల్చింది.
"పర్లేదులే, ఎలాగూ పారేసేదే" అన్నారు.

పారేసేదాని వెనకే నేను ఏడు వారాలు నడిచాను.
ఆమె గాలి పీల్చినచోట కెటిల్ నోరు తెరిచాను.
ఎగబీల్పు దగ్గర ఆగిపోయాను.
దానికి సరిపడే నోరు పెట్టెలో లేదు.
రాత్రంతా కూర్చుని చెక్కాను
ముప్పై ఎనిమిదోది,
ఏ అక్షరానికీ చెందనిది.

తర్వాత రీగా నుంచి పెద్ద గాయని వచ్చింది,
తన తేనె సీసా, తన మైకు, తన శాలువాతో.
బాగా పాడింది.
అబద్ధమెందుకు, చాలా బాగా పాడింది.
కానీ తెర మీద కెటిల్ నోరు మూసుకున్నాక కూడా
ఆమె గొంతు సాగుతూనే ఉంది,
పక్కింటి రేడియోలా.
ఆమె సాఫీగా దాటిపోయినచోట
కెటిల్ ఒంటరిగా ముక్కు ఎగబీల్చింది.
మళ్లీ తీస్తే ఎంతవుతుందో ఆర్వో లెక్కేశాడు.
లెక్క చెరిపేశాడు.
గాయనికి పూర్తి డబ్బు,
హెల్యుకి రెండు రోజుల కుట్టుకూలి.
పాట మాత్రం హెల్యుది మిగిలింది.

పత్రికవాళ్లు రాశారు,
"పళ్లకి అంటుకునే పాకం" అని.
ఉర్వే ఆ ముక్క కత్తిరించి గోడకి గుచ్చింది.
మార్చి వచ్చేసరికి పాట అందరి నోళ్లలో నానింది,
నేను చెక్కని నోళ్లు,
పళ్లూడిన నోళ్లు, లిప్‌స్టిక్ నోళ్లు.
నార్వాలో ఎస్తోనియన్ సరిగ్గా రాని పిల్లలు
మాటలు మింగేసి బాణీ మాత్రం ఉంచుకున్నారు.
రేవులో క్రేన్ నడిపేవాడు
కెటిల్ పొయ్యి మీద పెట్టి
అది ఈల వేసేదాకా పాడతాడట.
మా అక్కకి మాత్రం నచ్చలేదు.
"మూడు రోజులుగా తల్లోంచి పోవట్లేదు,
నువ్వే తీసెయ్యి" అని ఫోన్ చేసింది.

నిన్న నాలుగో నంబరు ట్రామ్‌లో
నేనూ హెల్యు పక్కపక్కన కూర్చున్నాం.
బడి వదిలి పిల్లలెక్కారు, తడి బూట్లతో.
రెండు స్వరాలు మోగి తలుపులు పడ్డాయి,
అంతే, పాట అందుకున్నారు.
"ఎవరైనా విన్నారా" దగ్గర
ఇరవై ముక్కులు ఒక్కసారి ఎగబీల్చాయి,
అదీ పాటలో మాటే అన్నట్టు.

హెల్యు తలెత్తలేదు.
మనవడి టోపీ అల్లుతోంది.
పెదాలు కదులుతుంటే
పాడుతోందేమో అనుకున్నాను.
కుట్లు లెక్కపెడుతోంది.
లెక్క తప్పినట్టుంది.
ఒక వరస విప్పి
మళ్లీ మొదలుపెట్టింది.